లేబర్ రూమ్ పోస్టింగ్‌లో మెంటర్ దగ్గర పని నేర్చుకోవడం ఎలా?

పోస్టింగ్ లిస్టు గోడకు అంటించగానే మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే పని చదివే విద్యార్థులు సీనియర్ల దగ్గరికి పరుగెత్తి, వార్డులో తమకు పని నేర్పబోయే మెంటర్ గురించి అడిగే మొదటి మాట, "ఆ మేడమ్ మంచావిడేనా?" దానికి వచ్చే జవాబు మీకు పెద్దగా పనికిరాదు. ఎంతో మంచావిడ అనిపించుకుంటూనే పోస్టింగ్ మొత్తంలో ఒక్క కాన్పు కూడా మీ చేతుల మీదుగా జరగనివ్వని మెంటర్లు ఉంటారు. మొదటి వారం ఏడిపించినా, వెళ్లిపోయే నాటికి పొట్ట మీద చేయి పెట్టగానే బిడ్డ వీపు ఎటుందో చెప్పగలిగేలా తయారుచేసేవాళ్లూ ఉంటారు. అందుకే నేను రెండే చూడమంటాను. మీ చేతికి పని దొరుకుతోందా? ఆ పని అలాగే ఎందుకు చేయాలో మీకు చెప్తున్నారా?

అంతర్జాతీయ మిడ్‌వైవ్స్ సమాఖ్య ప్రమాణాల ప్రకారం మిడ్‌వైఫరీ చదువులో కనీసం సగం ప్రాక్టికల్ ఉండాలి. ఆ సగం మీరు కోరి ఎంచుకోని ఒక మనిషి చేతిలో ఉంటుంది. మెంటర్‌ను మార్చడం ఎప్పుడో కానీ మీ వల్ల కాదు. ఆమె దగ్గర మీరు ఎలా నడుచుకుంటారన్నది మాత్రం చాలావరకు మీ చేతిలోనిదే.

పోస్టింగ్‌కు ముందు చేయాల్సినవి

ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. చూసినవి, పక్కన ఎవరైనా ఉంటే చేసినవి, అసలు ముట్టుకోనివి. పాల్పేషన్ (పొట్ట మీద చేతులతో తడిమి బిడ్డ ఎలా ఉందో చూడటం), బిడ్డ గుండె చప్పుడు వినడం, పీవీ (యోని లోపలి పరీక్ష), పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో నమోదు చేసే పట్టిక) నింపడం, కాన్పు, మాయ పరీక్ష, బిడ్డను తల్లి ఒంటి మీద పడుకోబెట్టి పాలు పట్టించడం, ఇలా ఒక్కోదాన్నీ దాని గడిలో వేయండి. ఉన్నదున్నట్టు రాయండి. క్లాసులో బొమ్మ మీద చేసినదాన్ని రెండో గడిలో వేయకండి.

తర్వాత మీ లాగ్‌బుక్ (చేసిన పనులు రాసి సంతకం తీసుకునే పుస్తకం) నిబంధనలు చదవండి. సంతకం ఎవరు పెట్టాలి, ఎప్పటిలోగా పెట్టాలి, మధ్యలో సమీక్ష ఉందా, మెంటర్‌తో ఇబ్బంది వస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఇవన్నీ గొడవ రాకముందే తెలిసి ఉండాలి. చాలామంది ఈ పేజీలను పోస్టింగ్ చివరి వారంలో, కళ్లనీళ్లతో మొదటిసారి తెరుస్తారు.

నేర్పే మనిషే మార్కులు కూడా వేస్తారా అన్నది తప్పకుండా కనుక్కోండి. బ్రిటన్‌లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018లో తెచ్చిన ప్రమాణాలతో పాత మెంటర్ పద్ధతి పోయింది. రోజువారీ పని నేర్పే సూపర్‌వైజర్ ఒకరు, అంచనా వేసే అసెసర్ ఇంకొకరు అని విడదీశారు. ఒకే మనిషి ఆ రెండూ చేసే చోట "నాకు రాదు" అని చెప్పడానికి విద్యార్థికి నోరు రాదు. మీ దగ్గర రెండూ ఒకరి చేతిలోనే ఉంటే, ఆ భయం మీ ఒక్కరిదే కాదని తెలుసుకోండి. తెలియదని ముందే చెప్పేస్తే దాచుకునే బాధ ఉండదు.

మొదటి డ్యూటీలో ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి

హ్యాండోవర్ (డ్యూటీ దిగేవాళ్లు వచ్చేవాళ్లకు పని అప్పగించడం) అయ్యాక, పని ఊపందుకోకముందే అడగండి. మరీ రద్దీగా ఉంటే, "మేడమ్, మీకు కుదిరినప్పుడు ఐదు నిమిషాలు కావాలి, నా లిస్టు చూపిస్తాను" అనండి చాలు. మూడు గళ్ల కాగితం చేతికివ్వండి. అప్పుడు ఆమెను అడగాల్సినవి ఇవి: ఏ పని మీకు చెప్పకుండా చేయొచ్చు? ఏది మీరు పక్కన ఉంటేనే చేయాలి? నేను తప్పు చేస్తుంటే అక్కడే ఆపుతారా, బయటికొచ్చాక చెప్తారా? మీరు కనిపించకపోతే ఎవర్ని పిలవాలి?

మూడో ప్రశ్న అడగడానికి సంకోచిస్తారు గానీ, అన్నిటికన్నా పనికొచ్చేది అదే. కాన్పు మధ్యలో మెంటర్ మీ చేయి పక్కకు తీసేస్తే అవమానంగా ఉంటుంది. "బిడ్డకు గానీ తల్లికి గానీ ప్రమాదం అనిపిస్తే మాట్లాడకుండా నీ చేయి తీసేస్తాను, కారణం తర్వాత చెప్తాను" అని ముందే అని ఉంటే అదే పని మీకు అవమానంగా తోచదు.

మొదటి వారంలో గమనించాల్సింది

నేర్పడం తెలిసిన మెంటర్ మనసులోని మాట బయటికి అంటూ పని చేస్తుంది. "నొప్పి తగ్గాక కూడా గుండె చప్పుడు వింటున్నాను, నెమ్మదించి మళ్లీ పుంజుకుంటోందా చూడాలి" అంటుంది. ఆ మాట లేకపోతే మీకు కనిపించేది పొట్ట మీద డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే పరికరం) పెట్టిన చేయి మాత్రమే.

ఆమె తనకు తెలిసింది చెప్పేముందు మీకు తెలిసింది అడుగుతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి చీటీల పద్ధతి. ముందు విద్యార్థి పాల్పేషన్ చేస్తుంది. బిడ్డ నిలువుగా ఉందా అడ్డంగానా, వీపు ఎటు, తల ఎంత దిగింది, ఇవి చీటీ మీద రాసి మడిచి జేబులో పెట్టుకుంటుంది. తర్వాత మెంటర్ చేసి తన చీటీ రాస్తుంది. బయటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. "వీపు ఎడమ" అని మీరు, "కుడి" అని ఆమె రాస్తే, మళ్లీ ఆ తల్లి దగ్గరికి వెళ్లి, ఆమెను అడిగి, మెంటర్ మీ అరచేతిని పట్టుకుని కుడివైపున గట్టిగా, చదునుగా తగిలే చోటుకి తీసుకెళ్తుంది. ఎడమవైపు మీ వేళ్లకు ముడులు ముడులుగా తగిలినవి కాళ్లూ చేతులూ అని అప్పుడు తెలుస్తుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ తేడా పట్టుబడదు.

మీ మెంటర్‌కు ఈ అలవాటు లేకపోతే మీరే మొదలుపెట్టండి. "మేడమ్, నేను చీటీ మీద రాసుకుంటాను, మీరు చూశాక సరిపోల్చుకుందామా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. పీవీకి మాత్రం ఈ ఆట ఆడొద్దు. కాన్పు మామూలుగా సాగుతున్నప్పుడు నాలుగు గంటలకోసారి చేస్తే సరిపోతుందనీ, ఒకే సమయంలో పలువురు చేయడం మానాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీరు నేర్చుకోవడం కోసం ఆ తల్లిని అదనంగా నొప్పించే హక్కు మీకూ లేదు, మెంటర్‌కూ లేదు. చేయాల్సిన వేళ వచ్చినప్పుడు, ఆమె స్వయంగా ఒప్పుకుంటేనే మీ వంతు. "స్టూడెంట్ కదా, చూసుకోనివ్వమ్మా" అని మెంటర్ ఒత్తిడి చేసి ఒప్పిస్తే దాన్ని ఒప్పుకోవడం అనరు.

ఇంకో గుర్తు ఉంది. తల్లికి మిమ్మల్ని పేరుతో పరిచయం చేస్తుందా, లేక "ఈ అమ్మాయి స్టూడెంట్" అని వదిలేస్తుందా? పేరు చెప్పి, ఏం చదువుతున్నారో చెప్పి, "నేను పక్కనే ఉంటాను" అన్న మెంటర్ దగ్గర తల్లులు విద్యార్థిని త్వరగా నమ్ముతారు. అలా చెప్పకపోతే మీ అంతట మీరే చెప్పుకోండి.

పని ఇవ్వని మెంటర్ దగ్గర

తిట్టే మెంటర్ గురించి అందరూ చెప్తారు. దయగా ఉంటూనే పని ఇవ్వని మెంటర్ గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. టీ తెచ్చిస్తుంది, "అలసిపోయావు, కూర్చో" అంటుంది, క్రౌనింగ్ అయ్యే (బిడ్డ తల బయటికి కనిపించే) సమయానికి "ఈసారికి నేను చూస్తాను, నువ్వు పక్కన నిలబడి చూడు" అంటుంది. ఆ ఈసారి ప్రతిసారీ వస్తుంది. పోస్టింగ్ అయిపోయేసరికి మీ లాగ్‌బుక్ అంతా చూసినవే ఉంటాయి, చేసినవి ఉండవు.

ఆమెకు ఎక్కువగా ఉండేది భయం. పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) చిరిగితే, బిడ్డ వెంటనే ఏడవకపోతే బాధ్యత ఆమెదే. కాబట్టి కాన్పు మొత్తం అడగకండి, ముక్క అడగండి. "ఇవాళ మాయ బయటికొచ్చేదాకా మీరు చూడండి, మాయ పరీక్ష నేను చేసి చెప్తాను, మీరు సరిచూడండి." ఆ మర్నాడు, "బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇవ్వడం, తొందరపడి బొడ్డుతాడు క్లాంప్ చేయకుండా కనీసం నిమిషం ఆగడం, నేను చూసుకుంటాను మేడమ్." ఆ తర్వాత, "తల బయటికి వచ్చేటప్పుడు నా చేయి, దాని మీద మీ చేయి." ఇలా ముక్కలు కలిపితే కాన్పు అవుతుంది. చేయి మీద చేయి వేసి చేయించడానికి భయస్తురాలైన మెంటర్ కూడా ఒప్పుకుంటుంది, ఎందుకంటే అదుపు ఆమె దగ్గరే ఉంటుంది.

అయినా కదలకపోతే అంకె చూపించండి. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో మిడ్‌వైఫరీ విద్యార్థి స్వయంగా కనీసం 40 కాన్పులు చేయాలి. తగినన్ని దొరకని చోట 30కి తగ్గించవచ్చు, కానీ అదనంగా 20 కాన్పుల్లో సాయం చేసి ఉండాలి. మీ కోర్సులోనూ ఏదో ఒక అంకె ఉంటుంది. "నాకు ఇన్ని కావాలి, ఇప్పటికి ఇన్ని అయ్యాయి, ఇన్ని వారాలు మిగిలాయి" అని కాగితం మీద చూపిస్తే మీరు దూకుడుగా ఉన్నట్టు కాదు, అవసరంలో ఉన్నట్టు ఆమెకు అర్థమవుతుంది. అలాగని సంతకాల వేటలో పడకండి. గంటల తరబడి నొప్పులు పడిన తల్లి దగ్గర ఒక్కసారి కూడా కూర్చోకుండా, చివరి పది నిమిషాలకు గ్లౌజులు వేసుకుని వచ్చే విద్యార్థిని ఏ మెంటరూ ఇష్టపడదు. ఇష్టపడకూడదు కూడా.

ఈ దయగల మెంటర్‌తో ఇంకో చిక్కుంది. 2003లో స్కాట్లాండ్‌లో క్యాథ్లీన్ డఫీ నర్సింగ్ మెంటర్ల మీద చేసిన పరిశోధనలో, విద్యార్థి పనితీరు మీద అనుమానాలున్నా ఫెయిల్ చేయడానికి మెంటర్లు వెనకాడుతున్నారని తేలింది. మొహమాటంతో "బాగానే చేస్తున్నావు" అని పాస్ చేసేస్తే, మీకు రాని పని సంగతి మీ తర్వాతి పోస్టింగ్‌లో, ఇంకో తల్లి దగ్గర బయటపడుతుంది. అందుకే సగం పోస్టింగ్ అయ్యేసరికి మీరే అడగండి: "ఇవాళ్టికి ఇవాళ మార్కులు వేయాల్సి వస్తే, నన్ను దేంట్లో ఫెయిల్ చేస్తారు?" కాస్త మొరటు ప్రశ్నే. జవాబు మాత్రం నిక్కచ్చిగా వస్తుంది.

రోజూ అడగాల్సిన ఒక్క మాట

"ఎలా చేశాను మేడమ్?" అంటే "బాగానే చేశావు" అని వస్తుంది, దాంతో ఏం చేసుకుంటారు? డ్యూటీ దిగేముందు ఇలా అడగండి: "ఇవాళ నేను చేసినవాటిలో రేపు మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి." ఒక్కటే అడిగితే ఆలోచించి చెప్తారు. అది రాసుకోండి, మర్నాడు ఆ పని చేసేటప్పుడు "నిన్న చెప్పింది ఇదే కదా" అని గుర్తుచేయండి. తన మాట పట్టించుకునే విద్యార్థి అని తెలిశాక మాట్లాడని మెంటర్ కూడా కాస్త నోరు విప్పుతుంది. లాగ్‌బుక్ సంతకం అదే రోజు, అక్కడే తీసుకోండి. వారం తర్వాత ఆమెకు ఆ కాన్పు గుర్తుండదు.

ఏదైనా చేదు జరిగిన రోజున, అంటే రక్తస్రావం ఆగక పరుగులు పెట్టినప్పుడో, బిడ్డ దక్కనప్పుడో, ఈ ప్రశ్న వద్దు. ఆ రోజు "మనం ఒకసారి కూర్చుని జరిగింది మొదటి నుంచి చెప్పుకుందామా?" అని అడగండి. కొందరు మెంటర్లు ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారు. ఆమెకు తీరిక లేకపోయినా, మనసు రాకపోయినా, మీ ట్యూటర్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి. దాన్ని ఇంటికి మోసుకెళ్లి ఒంటరిగా పడుకోకండి.

పాత పద్ధతులు చేయించే మెంటర్ దగ్గర

పుస్తకంలో ఒకటి, వార్డులో ఒకటి. బిడ్డ త్వరగా రావాలని పొట్ట పైభాగాన్ని నొక్కడం, మామూలు కాన్పులో అందరికీ ఎపిసియోటమీ (యోని ద్వారం దగ్గర కోత) చేయడం, ఎనిమా (మలం బయటికి రావడానికి మలద్వారంలోకి ద్రవం) ఇవ్వడం, ముందే వెంట్రుకలు గీయించడం, వీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు సిఫారసు చేయడం లేదు. అయినా మీకు కనిపించవచ్చు. తల్లి ముందు వాదనకు దిగొద్దు, ఆమె కంగారు పడుతుంది. బయట, "మాకు క్లాసులో ఇలా చెప్పారు మేడమ్, ఇక్కడ ప్రోటోకాల్ ఏమిటో చూపిస్తారా?" అని అడగండి. ప్రోటోకాల్ కాగితం అడగడంతో విషయం మీ ఇద్దరి మధ్య గొడవగా మారదు. "పొట్ట మీద నొక్కు" అని మిమ్మల్నే చేయమంటే, "నాకు నేర్పలేదు, నేను చేయలేను మేడమ్" అనడం మీ హక్కు. కోపం వస్తుంది, రానివ్వండి.

మిమ్మల్ని వదిలేసి వెళ్లే మెంటర్ దగ్గర

ఇక్కడ మొహమాటం పనికిరాదు. సిబ్బంది చాలక ఇద్దరు చేసే పని ఒక్కతే చేసే మెంటర్ మిమ్మల్ని చేతికింద మనిషిగా లెక్కేసుకుని పక్క గదికి పోతుంది. కావాలని చేయకపోవచ్చు. మీరు మాత్రం వెళ్లేముందే ఆపి, "గుండె చప్పుడు అరగంటకోసారి విని రాస్తాను. 110 కంటే తగ్గినా, 160 దాటినా, రక్తం కనిపించినా, ఆమెకు ముక్కాలనిపించినా బెల్ కొడతాను. సరేనా మేడమ్?" అని చెప్పండి. ఆమె "సరే" అన్నదంటే ఏ పరిస్థితిలో పిలవాలో ఇద్దరికీ ఒప్పందం ఉన్నట్టు.

అన్నట్టే ఏదైనా జరిగితే ఫోన్‌లో గానీ గుమ్మం దగ్గర గానీ ఇలా చెప్పండి: "రెండో బెడ్ అమ్మ, రెండో కాన్పు, గర్భాశయ ముఖం 7 సెంటీమీటర్లు తెరుచుకుంది. నొప్పి తర్వాత గుండె చప్పుడు 96, ఇంకా పెరగలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఇప్పుడే రండి." ఎవరు, ఏమైంది, మీరు ఏం చేశారు, ఏం కావాలి. "మేడమ్, ఒకసారి వస్తారా?" అని మెల్లగా అంటే "వస్తాను, ఆగు" అని బదులొస్తుంది. ఆమె రాకపోతే ఇంచార్జ్‌ను పిలవండి, ఆమె లేకపోతే డాక్టర్‌ను పిలవండి. అనవసరంగా పిలిచావని తిట్టినా నష్టం లేదు.

అవమానించే మెంటర్ దగ్గర

గట్టిగా మాట్లాడటం వేరు, కించపరచడం వేరు. "గ్లౌజు అపరిశుభ్రమైంది, మార్చు, ఇప్పుడే!" అని అరవడం పని గురించి. "నీకు ఈ చదువు ఎవడిచ్చాడు" అని తల్లి ముందు, వాళ్ల బంధువుల ముందు అనడం మీ గురించి. మొదటిది మింగేయండి. రెండోది రెండుసార్లు జరిగిందంటే రాసుకోవడం మొదలుపెట్టండి.

ఎలా రాయాలో చూడండి. "మేడమ్ ఎప్పుడూ నన్ను తక్కువ చేసి మాట్లాడుతున్నారు" అని రాస్తే ట్యూటర్ ఏమీ చేయలేరు. "మంగళవారం ఉదయం డ్యూటీ, హ్యాండోవర్ సమయం. నేను బీపీ మళ్లీ చూడనా అని అడిగాను. 'నీకు లెక్కపెట్టడం కూడా రాదా' అన్నారు. ఇద్దరు స్టాఫ్ అక్కడే ఉన్నారు. ఆ తర్వాత నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు." ఇలా తేదీ, వేళ, ఆమె అన్న మాటలు అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు, దానివల్ల మీ చదువుకు ఏం నష్టం జరిగింది, ఇవన్నీ రాయండి. తల్లి పేరు, ఆసుపత్రి నంబర్ రాయకండి. ఫోన్‌లో గ్రూపులకు పంపకండి, అలా పంపితే తప్పు మీ వైపు తిరుగుతుంది.

కుదిరితే ముందు ఆమెతోనే, ఒంటరిగా, ఆమె ఖాళీగా ఉన్నప్పుడు మాట్లాడండి. "మేడమ్, నిన్న అందరి ముందు అన్న మాటకు నాకు చేతులు వణికాయి, ఆ తర్వాత సరిగ్గా పని చేయలేకపోయాను. తప్పులు పక్కకు పిలిచి చెప్తే త్వరగా నేర్చుకుంటాను." కొందరు నిజంగానే ఉలిక్కిపడతారు, వాళ్లకూ అలాగే నేర్పారు మరి. ఆమెతో ఒంటరిగా మాట్లాడాలంటేనే భయంగా ఉంటే ఈ మెట్టు వదిలేసి క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికో, ట్యూటర్ దగ్గరికో వెళ్లండి. వెళ్లేటప్పుడు ఫిర్యాదుతో పాటు ఏం కావాలో చెప్పండి: ముగ్గురం కలిసి కూర్చోవాలా, షిఫ్టులు మార్చాలా, ఇంకో మెంటర్‌ను ఇవ్వాలా? పోస్టింగ్ సగంలో అడిగితే ఏదో ఒకటి చేయగలరు. చివరి వారంలో, ఫెయిల్ అయ్యాక అడిగితే సాకులా వినిపిస్తుంది.

మెంటర్ మిమ్మల్ని కాక తల్లిని తిడుతుంటే, తొడ మీద కొడుతుంటే, ఆమె వద్దన్నా పరీక్ష చేస్తుంటే, ఈ మెట్లేవీ వర్తించవు. కాన్పు సమయంలో అగౌరవాన్నీ, దౌర్జన్యాన్నీ ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటన ఇచ్చింది. అదే రోజు ట్యూటర్‌కు చెప్పండి. ఆ క్షణంలో మీరు చేయగలిగింది ఆ తల్లి తల దగ్గరికి వెళ్లి చేయి పట్టుకుని, ఆమె కళ్లలోకి చూస్తూ మెల్లగా మాట్లాడటం. స్టూడెంట్‌ను అక్కడి నుంచి పొమ్మనడానికి ఎవరికీ అంత త్వరగా నోరు రాదు.

పోస్టింగ్ ముగిసే రోజు

సంతకాలన్నీ మరోసారి చూసుకోండి. మూడు గళ్ల కాగితాన్ని మళ్లీ నింపి దాని నకలు ఒకటి మెంటర్‌కు ఇవ్వండి. మెంటర్లలో చాలామందికి తాము నేర్పింది ఎంతో ఎవరూ చూపించరు. కృతజ్ఞత చెప్పదలిస్తే "చాలా థ్యాంక్స్ మేడమ్" దగ్గర ఆగకుండా, ఆమె చేసిన ఒక పని పేరు పెట్టి చెప్పండి: "మాయ పొరలు నీళ్లలో పరచి చూపించారు కదా, నాకు అది వచ్చేసింది." తర్వాత వచ్చే స్టూడెంట్‌కు ఆమె మళ్లీ అదే చేస్తుంది. కష్టపెట్టిన మెంటర్ అయితే, కాలేజీ వాళ్లు అభిప్రాయం రాయమన్నప్పుడు కోపమంతా కుమ్మరించకుండా, జరిగినవి తేదీలతో రాయండి.

జూనియర్లు మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి "ఆ మేడమ్ మంచివారేనా అక్కా?" అని అడిగితే, ఆమె ఏం చేయనిస్తుందో, ఎప్పుడు అడిగితే ఒప్పుకుంటుందో, ఏ పనికి అస్సలు ఒప్పుకోదో చెప్పండి. మూడు గళ్ల కాగితం ఎలా గీయాలో కూడా చూపించండి.